యాభై నిమిషాలు నేనెక్కడున్నట్టు

నాకు రెండేళ్ళ రెండు నెలల వయసప్పుడు ఒక మధ్యాహ్నం యాభై నిమిషాలపాటు నేను కనిపించకుండా పోయాను. ఆ సంగతి నాకు గుర్తు లేదు. ఇంట్లో మిగతా అందరికీ గుర్తుంది, కాకపోతే తలా ఒక రకంగా. ముప్పై ఏళ్ళుగా మావాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు, టీ చల్లారేలోపు మాట దాని మీదికే మళ్ళుతుంది.

అందరూ ఒప్పుకునే విషయాలు కొన్నే ఉన్నాయి. ముందు అవి చెబుతాను.

ఊరికి రెండు గంటల దూరంలో ఒక సరస్సు ఉంది. సెలవుల్లో జనం దాని ఒడ్డున గుడారాలు వేసుకుని రెండు మూడు రోజులుండి వస్తారు. ఆ ఏడాది మావాళ్ళు కూడా ఒక వ్యాన్, రెండు గుడారాలు సంపాదించి బయల్దేరారు. తాతయ్య, నానమ్మ, వాళ్ళ పెద్దకొడుకైన నాన్న, అమ్మ, నాన్న చెల్లెలైన మా మేనత్త, అప్పటికి ఇరవై ఏళ్ళున్న బాబాయి, నేను. రెండో రోజు భోజనాలయ్యాక అమ్మా మేనత్తా నన్ను నానమ్మకి అప్పగించి గిన్నెలు కడగడానికి వెళ్ళారు. నాన్న గుడారం తాళ్ళు బిగిస్తున్నాడు. బాబాయి ఈతకి దిగాడు. తాతయ్య వ్యాన్ వెనకాల నీడలో కూర్చుని ఏదో మరమ్మతు చేసుకుంటున్నాడు. నానమ్మ చెట్టు కింద చాప మీద నడుము వాల్చింది. అమ్మ గిన్నెలతో తిరిగొచ్చేసరికి చాప మీద నానమ్మ ఉంది, నేను లేను.

యాభై నిమిషాల తర్వాత వ్యాన్ వెనక సీట్లో, దుప్పటి కింద, నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతూ దొరికాను. వ్యాన్ చెట్ల నీడలోనే ఉంది, అద్దాలన్నీ దించే ఉన్నాయి. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. మాయమైంది ఒక్కటే, నా జుట్టు.

అది మామూలు జుట్టు కాదంటారు మావాళ్ళు. భుజాల దాకా ఉంగరాలు ఉంగరాలుగా ఉండేదట. ఇంట్లో నా పేరే 'ఉంగరం'. అమ్మ ఆ జుట్టుకి దువ్వెన పెట్టకుండా వేళ్ళతోనే చిక్కు తీసేదట. దొరికేటప్పటికి అది చెవుల దాకా కురచగా, నుదుటి మీద గీత గీసినట్టు సూటిగా కత్తిరించి ఉంది. కుడిచెవి పక్కన ఒక కుచ్చు మాత్రం పుల్లలా బిగుసుకుపోయి ఉంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. నేను లేనని తెలిసిన నిమిషంలోనే ఎవరో "వ్యాన్‌లో చూశారా?" అని అడిగారు. తాతయ్య "నేను చూశాను, లేదు" అన్నాడు. అంటే మొదట వ్యాన్‌లో లేని పిల్ల, యాభై నిమిషాల తర్వాత జుట్టు కత్తిరించుకుని మరీ వ్యాన్‌లోకి వచ్చి పడుకుందన్నమాట. ఈ మధ్యలో ఎక్కడున్నట్టు?

తాతయ్య మాటని అనుమానించడం అనే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆయన పుస్తకాలకి బైండింగ్ చేసేవాడు. లైబ్రరీలవాళ్ళూ లాయర్లూ చిరిగిన పుస్తకాలు సంచుల్లో తెచ్చి పడేసేవాళ్ళు. అట్ట వెంట్రుకవాసి పెద్దదైనా ఊరుకునేవాడు కాదు, మళ్ళీ కోసేవాడు. తనవల్ల ఆలస్యమైతే తనవల్లే అని చెప్పేవాడు. అటువంటి మనిషి లేదన్నాడంటే లేనట్టే. అందుకే మావాళ్ళంతా ఆ మాటని నేలలా నమ్ముకుని, దాని మీద ఎవరి మేడ వాళ్ళు కట్టుకున్నారు.

నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ప్రపంచంలో ప్రతి కష్టానికీ మూలం సరిగ్గా పడని తలుపే అని ఆయన నమ్మకం. నేను వ్యాన్‌లో సామాన్ల వెనక దూరానట, తాతయ్య చూసినప్పుడు పెట్టెల చాటున ఉన్నానట, తర్వాత సీటు మీదికి పాకానట. మరి జుట్టు సంగతేమిటంటే, పక్కకి జరిగే తలుపు సందులో పడి తెగిందంటాడు. ముందూ వెనకా చెవుల పక్కనా సమంగా ఎలా తెగిందంటే, తలుపు నాలుగుసార్లు పడి ఉంటుందంటాడు.

అమ్మది పిల్లల్లేని ఆవిడ కథ. ఆ ఒడ్డున ఎక్కడో ఒక ఆవిడ ఉంది, పిల్లల కోసం మొహం వాచిపోయి ఉంది, నన్ను చూసి ఆగలేక ఎత్తుకుపోయింది, ఎవరూ గుర్తుపట్టకుండా జుట్టు కత్తిరించింది, అంతలో మనసు కరిగి తెచ్చి పడుకోబెట్టింది. మొదట్లో అమ్మ ఆవిణ్ణి తిట్టేదట. ఏళ్ళు గడిచేకొద్దీ ఇద్దరికీ రాజీ కుదిరింది. ఇప్పుడు చలికాలం వస్తే, "ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో పాపం" అంటుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులున్నట్టు అమ్మకి ఎవరు చెప్పారో మేం అడగం.

మేనత్తకి మందుల షాపు ఉంది. ఆవిడ దేనికైనా శాస్త్రీయమైన కారణం కావాలంటుంది. శాస్త్రీయంగా ఆలోచించి మేక అని తేల్చింది. అక్కడ మేకలు మేస్తున్న మాట నిజమే. నేను మేక వెంటపడి వెళ్ళానట, మేక నా జుట్టుని గడ్డి అనుకుని మేసిందట, బిగుసుకున్న కుచ్చు దాని ఎంగిలేనట.

బాబాయి అప్పట్లో చదువు ఎగ్గొట్టి తిరిగేవాడు, ఇప్పుడు సిటీ బస్సు డ్రైవరు. అవతలి ఒడ్డున ఆ రోజు ఏదో బిస్కెట్ల ప్రకటన షూటింగ్ జరిగిందని ఆయనకి ఎవరో చెప్పారు. పొట్టి జుట్టు పిల్ల కావలసి వచ్చి నన్ను తీసుకెళ్ళి, పని కాగానే దించేసి పోయారంటాడు. తర్వాత మూడేళ్ళు టీవీలో ఏ బిస్కెట్ల ప్రకటన వచ్చినా తెరకి ముక్కు ఆనించి చూశాడట.

మా ఆయన ఈ ఇంటికి అల్లుడై వచ్చిన ఆరు నెలలకే సొంత సిద్ధాంతం తయారుచేసుకున్నాడు. ఆ రోజు పోయిన పిల్లా దొరికిన పిల్లా ఒకటి కాదంటాడు. మా ఇద్దరికీ మాటా మాటా పెరిగినప్పుడల్లా దాన్ని బయటికి తీస్తాడు.

ఇన్ని కథల్లోనూ మారనిది ఒక్కటే ఉంది. నానమ్మ నిద్రపోయింది. తలుపు అయినా, మేక అయినా, ఆ కథ "నానమ్మ కాస్త కునుకు తీసింది, అంతలో" అనే మొదలవుతుంది. ఎవరూ కోపంగా అనరు. నవ్వుతూనే అంటారు. నానమ్మ కూడా నవ్వుతుంది. కానీ ఆ రోజు తర్వాత నానమ్మ ఏ పిల్లనీ పిల్లవాణ్ణీ ఒంటరిగా తన దగ్గర ఉంచుకోలేదు. మేనత్త కొడుకులు పుట్టినప్పుడు, "స్నానాలు చేయిస్తాను, అన్నాలు తినిపిస్తాను, కానీ మీలో ఒకరు ఇంట్లో ఉండండి. నాది మొద్దు నిద్ర" అందట. బాబాయి కూతురికీ అంతే, నా కూతురికీ అంతే.

ఒక్కసారి మాత్రం, నేను కాలేజీలో ఉండగా, బట్టలు మడతపెడుతూ నాతో అంది: "ఆ రోజు మీ తాతయ్యకి పిల్లని చూస్తుండమని చెప్పే పడుకున్నాననిపిస్తుందే నాకు. ఆయనేమో నేను చెప్పలేదంటారు. ఆయన అబద్ధమాడరు కదా. కలలో చెప్పి ఉంటాను."

నేను చదువయ్యాక జుట్టు కత్తిరించే పని నేర్చుకున్నాను. చిన్నప్పుడు జరిగిన దానివల్లే ఈ పనిలోకి వచ్చానని మావాళ్ళంటారు గానీ, నాకు ఆ పని బాగుంటుంది, అంతే. నాలుగు కుర్చీల షాపు నాది. నాతో కలిపి ముగ్గురం పనిచేస్తాం. జుట్టు కత్తిరించడం ఒక ఎత్తు, జుట్టుకి అంటుకున్నవి తియ్యడం ఒక ఎత్తు. పిల్లలు చూయింగ్ గమ్ అంటించుకుని వస్తారు, ఇళ్ళకి రంగులేసేవాళ్ళు పెయింటుతో వస్తారు. చెట్టెక్కి బంక పూసుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఏది నూనెకి లొంగుతుందో ఏది లొంగదో చేత్తో ముట్టుకుంటే చెప్పగలను.

ఈ ఏడాది మా అమ్మాయికి రెండేళ్ళు నిండాయి. మిరియపు గింజంత ఉండి మిరియమంత ఘాటుగా ఉంటుందని దాన్ని 'మిరియం' అంటాం. దాని పోలికలు నావో కావో తేల్చడానికి అమ్మ పాత ఆల్బం తెచ్చింది. అందులో ఆ రోజు ఫోటోలు రెండున్నాయి. ఒకటి పొద్దున తీసినది, ఉంగరాలతో. ఇంకోటి సాయంత్రం తీసినది, ఉంగరాలు లేకుండా. అప్పటిదాకా వాటిని వందసార్లు చూసి ఉంటాను. ఎప్పుడూ నా మొహమే చూసుకున్నాను తప్ప, కోత చూడలేదు.

ఈసారి కోత చూశాను. మేం జుట్టుని వేళ్ళ మధ్య పట్టుకుని కొంచెం కొంచెంగా కత్తిరిస్తాం, చివర్లు మెత్తగా కలిసిపోతాయి. మేక మేస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, నుదుటి మీద ఆ గీత మాత్రం కాగితం కోసినట్టుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకి, స్కేలు ఆనించి, ఒకే ఎత్తున.

ఆల్బం వెనక అట్టలో ఒక కవరుంది. ఆ బిగుసుకున్న కుచ్చుని ఇంటికొచ్చాక అమ్మే కత్తిరించి దాచిందట. చెట్టుబంక అనుకున్నారు. చెట్టుబంకైతే ఇన్నేళ్ళకి ఎర్రగా మారి ఉండాలి. ఇది గాజులా తెల్లగా, పెళుసుగా ఉంది. షాపుకి తీసుకెళ్ళి రోజంతా నూనెలో ఉంచాను. చెక్కు చెదరలేదు. దీపం దగ్గర పెట్టి చూస్తే లోపల నీలం రంగు గుడ్డ పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. పొద్దున తీసిన ఫోటోలో బాబాయి కాళ్ళకి నీలం గుడ్డ బూట్లున్నాయి.

ఆ జిగురు నాకు తెలుసు. నా చిన్నతనమంతా తాతయ్య వేళ్ళ చివర అది తెల్లటి పొరలు పొరలుగా ఊడుతుంటే ఒలుస్తూ ఆడుకున్నాను.

ప్రతి నెలా మొదటి మంగళవారం షాపు తెరవగానే తాతయ్య వస్తాడు. ఎనభై నాలుగేళ్ళు. నడినెత్తిన ఏమీ లేదు, చెవుల పక్కన మాత్రం రెండు తెల్లటి పొదలున్నాయి. ఆ రెండూ సమంగా ఉన్నాయో లేదో అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకునేదాకా కుర్చీ దిగడు. ఆ మంగళవారం ఆయన మెడకి గుడ్డ చుట్టి, కుడివైపు పూర్తిచేసి, కత్తెర ఆపాను.

"తాతయ్యా, సరస్సు దగ్గర బాబాయి బూటు అడుగు ఊడిందా?"

అద్దంలోంచి నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో నేను ఎదురుచూసిన భయం లేదు. చాలాసేపు నిలబడ్డాక ఎవరో కుర్చీ జరిపినట్టు, ఒంట్లోంచి బిగువు దిగిపోయింది.

"ముప్పై ఏళ్ళు పట్టింది మీకు" అన్నాడు.

తర్వాత చెప్పుకొచ్చాడు. బాబాయి బూటు అడుగు నిజంగానే ఊడింది. తాతయ్య జేబులో ఎప్పుడూ ఒక జిగురు ట్యూబు, చిన్న కత్తెర, ఆరంగుళాల స్కేలు ఉండేవి. బూటుకి జిగురు పూసి మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి కూర్చున్నాడు. నేను వచ్చి ఒళ్ళో చేరాను. బూటు ఏం చేస్తోందో చూద్దామని తల వంచాను. తాతయ్య చూసుకునేసరికి నా కుడివైపు ఉంగరాలు బూటుకి అతుక్కుపోయాయి. ఆ జిగురు మూడు నిమిషాల్లో ఆరుతుంది. పిల్లకి బూటు వేలాడుతోంది. వేరే దారి లేక కత్తిరించాడు.

అక్కడ ఆపినా సరిపోయేది. ఒకవైపు కురచగా, ఒకవైపు పొడుగ్గా కనబడింది. తాతయ్యకి అంచులు సమంగా లేకపోతే ప్రాణం ఒప్పదు. ఎడమవైపు కత్తిరించాడు. అది కాస్త ఎక్కువ తెగింది. కుడివైపు మళ్ళీ కత్తిరించాడు. వెనక, ముందు, స్కేలు పెట్టి నుదుటి మీద. ఈలోగా నేను ఆయన మోకాలి మీద నిద్రపోయాను. నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తెగిన జుట్టు పొట్లం కట్టి జేబులో పెట్టుకుని, కోడలికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ చేతులు కడుక్కోవడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది, నాన్న నానమ్మ మీద అరుస్తున్నాడు, వ్యాన్‌లో చూశారా అని ఎవరో అడుగుతున్నారు.

"రెండు నిమిషాలు ఆలోచించుకుందామని లేదన్నాను" అన్నాడు తాతయ్య. "రెండు నిమిషాల్లో పక్క గుడారాలవాళ్ళు వచ్చేశారు. ఐదు నిమిషాల్లో పడవలు దిగాయి. పావుగంటలో అటవీశాఖ ఆయన ఈల పట్టుకుని వచ్చాడు. అంతమంది ముందు, వ్యాన్‌లోనే ఉంది బాబూ, జుట్టు నేనే కోశాను అని ఎలా చెప్పమంటావు? మీ బాబాయిని తాడు తెమ్మని వ్యాన్ దగ్గరికి పంపాను, వాడైనా చూస్తాడని. వాడు వేరేవాళ్ళ వ్యాన్‌లోంచి తాడు తెచ్చాడు. రెండోసారి పంపితే గానీ నువ్వు దొరకలేదు."

నాకు నవ్వు ఆగలేదు. కుర్చీ వీపు పట్టుకుని నవ్వాను. తాతయ్య కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు తగ్గాక అడగాల్సింది అడిగాను.

"నానమ్మ నీతో చెప్పి పడుకుందా?"

తాతయ్య మెడకి చుట్టిన గుడ్డ కిందనుంచి చేతులు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెప్పింది. కాస్త పిల్లని చూస్తుండండి, కళ్ళు మూతలు పడుతున్నాయి అంది. నేను ఊఁ అన్నాను. తర్వాత అందరి ముందూ 'మీకు చెప్పాను కదండీ' అంటే, నాతో చెప్పలేదే అన్నాను. వ్యాన్‌లో లేదన్న మాట భయంతో అన్నాను. ఈ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు."

నానమ్మకి చెప్పాలి తాతయ్యా అన్నాను. తను పోయాక చెప్పమన్నాడు. "నువ్వు పోయాక చెప్తే నానమ్మ ఎవరితో పోట్లాడుతుంది?" అన్నాను. మెడమీది గుడ్డ విప్పి దులిపాను.

"ఎడమవైపు?" అన్నాడు.

"నానమ్మకి చెప్పాక."

ఆయన అద్దంలో చూసుకున్నాడు. కుడిచెవి పక్కన నున్నగా ఉంది, ఎడమచెవి పక్కన పొద పొదలాగే ఉంది. పుస్తకం అంచు వెంట్రుకవాసి వంకరపోతే నిద్రపట్టని మనిషిని అలా వీధిలోకి పంపడం నాకు కష్టంగానే అనిపించింది. కానీ పంపాను.

రెండు రోజులు ఓర్చుకున్నాడు. టోపీ పెట్టుకుని భోజనానికి కూర్చుంటున్నాడని నానమ్మ ఫోన్‌లో చెప్పింది. మూడో రోజు పొద్దున ఆయనే ఫోన్ చేసి, షాపుకి వెళ్ళే ముందు ఒకసారి వచ్చిపో అన్నాడు. నేను వెళ్ళేసరికి నానమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తాతయ్య ఎదురుగా కూర్చుని, బూటు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. స్కేలు సంగతి కూడా దాచలేదు.

నానమ్మ చేతులు ఆగలేదు. ఒక్కో కాయా విప్పుతూనే ఉంది, గింజలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. జుట్టు దగ్గర ఏమీ అనలేదు. పడవల దగ్గర ఏమీ అనలేదు. అంతా అయ్యాక చేతిలో కాయ పక్కన పెట్టి అడిగింది.

"పడుకునే ముందు నేను మీకు చెప్పానా, లేదా?"

"చెప్పావు."

"ఏమని చెప్పాను?"

"కాస్త పిల్లని చూస్తుండండి, కళ్ళు మూతలు పడుతున్నాయి అన్నావు."

"మీరేమన్నారు?"

"ఊఁ అన్నాను."

"మళ్ళీ చెప్పండి."

తాతయ్య మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాడు. నానమ్మ లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. తిరిగొచ్చిన నానమ్మ మొహంలో ఏడుపు లేదు, కోపం కూడా నేననుకున్నంత లేదు. "నాకు మతి సరిగ్గానే ఉందన్నమాట" అంది. ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. "ముప్పై ఏళ్ళుగా ప్రతిదానికీ నా మాట మీద నాకే అనుమానం. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని వెనక్కి తిరిగి చూసుకోని రోజు లేదు. నేను చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

తాతయ్య తల వంచుకుని కూర్చున్నాడు. నేను కత్తెర తీద్దామని సంచిలో చెయ్యి పెట్టాను. నానమ్మ చూసి ఆగమంది.

"ఆదివారం అందరినీ పిలువు. అందరి ముందూ చెప్పనీ. అప్పటిదాకా ఆ తల అలాగే ఉండనీ."

ఆదివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. భోజనాలయ్యాక తాతయ్య టోపీ తీసి బల్ల మీద పెట్టి, లేచి నిలబడ్డాడు. ఆయన అలా నిలబడి మాట్లాడటం మేమెవరం చూడలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. నానమ్మ తనతో చెప్పే పడుకుందనీ, ఆ మాట దాచింది తనేననీ రెండుసార్లు చెప్పాడు. అయ్యాక కూర్చున్నాడు.

ముందు అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మామయ్యగారూ, మీరు అబద్ధమాడటం నేను ఇన్నేళ్ళలో ఇదే చూడటం" అంది. "అత్తయ్యగారి మీద మాట పడకూడదని ఇంత కథ అల్లారా? ఈ వయసులో కూడా ఎంత ప్రేమండీ మీకు."

తాతయ్య బిత్తరపోయాడు. ఇదే నిజమని మళ్ళీ చెప్పబోయాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, అమ్మని ఎవరూ ఏమీ అనడం లేదు కదా నాన్నా, ఊరుకో అన్నాడు. మేనత్త ఆయన తల వైపు చూసి, ఒకవైపే కత్తిరించుకున్న సంగతి గమనించి, రక్తపోటు మందు సరిగ్గా వేసుకుంటున్నాడా అని నన్ను చెవిలో అడిగింది. నేను కవరు తీసి కుచ్చు చూపించాను, నూనె సంగతి చెప్పాను, నీలం పోగు చూపించాను. మేనత్త దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, మేక ఎంగిలి ఆరితే అచ్చం ఇలాగే ఉంటుందంది. ఎప్పుడు చూశావు అంటే, ఊహించగలను అంది.

బాబాయి వాదన అన్నిటికంటే గట్టిది. ఆ నీలం బూటు అడుగు నిజంగానే ఊడిందట, తాతయ్య అతికించిన మాట కూడా నిజమేనట. కానీ ఇంటికొచ్చిన వారానికే మళ్ళీ ఊడిందట. "నాన్న అతికించింది ఏదైనా ఇన్నేళ్ళలో ఊడిందా? ఆ రోజు పిల్ల జుట్టుని పట్టేసేంత జిగురే పూసి ఉంటే, ఆ బూటు ఇవాళ్టికీ ఉండేది" అన్నాడు. అందరూ తలలూపారు. పొరపాటున తాతయ్య కూడా ఊపబోయి ఆగాడు. అది ఊడటానికి కారణం మధ్యలో జుట్టు ఉండిపోవడమేనని నేను అన్నాను గానీ, అప్పటికే మాట బిస్కెట్ల ప్రకటన మీదికి వెళ్ళిపోయింది. మా ఆయన తన సిద్ధాంతం ఎత్తబోయి, నా మొహం చూసి టీ కలపడానికి లేచాడు.

ముప్పై ఏళ్ళు ఒక్క అబద్ధాన్ని అంత గట్టిగా నమ్మినవాళ్ళు, నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదు. తాతయ్య దిక్కుతోచక నానమ్మ వైపు చూశాడు. నానమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నవ్వు. బల్ల అంచు పట్టుకుంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మాట రావడం లేదు. చివరికి చెయ్యి ఊపి, నమ్మకపోతే పోనివ్వండి అని సైగ చేసింది. ఆవిడకి వాళ్ళు నమ్మినా నమ్మకపోయినా ఒకటే. తెలియాల్సింది తనకి తెలిసింది. నేను బాల్కనీలో కుర్చీ వేసి తాతయ్య ఎడమవైపు పూర్తిచేశాను.

ఆ తర్వాత పది రోజులు నానమ్మ తాతయ్యతో ముక్తసరిగా మాట్లాడింది. పదకొండో రోజు నాకు ఫోన్ చేసింది. బుధవారం మిరియాన్ని తెచ్చి దిగబెట్టి, షాపుకి పో అంది. ఎవరు ఉంటారు తోడు అని అలవాటుగా అడిగాను. "తోడెందుకు?" అంది.

బుధవారం సాయంత్రం ఐదింటికి వస్తానన్నాను, ఐదింటికే వెళ్ళాను. తలుపు తాళం వేసి ఉంది. నానమ్మ ఫోన్ లోపల మోగుతోంది. కింద వీధిలో లేరు. మూలనున్న పార్కులో లేరు. తాతయ్య పాత స్నేహితుడి ఇంటికి వెళ్ళాడట, ఫోన్ చేస్తే నాకేం తెలీదమ్మా, ఈసారి నిజంగా తెలీదు అన్నాడు. ఐదుంపావు అయింది. నానమ్మ కళ్ళు తిరిగి ఎక్కడో పడి ఉంటుందనుకున్నాను. ఐదున్నర అయ్యేసరికి పిల్ల చెయ్యి వదిలించుకుని పరిగెత్తిందనీ, నానమ్మ వెతుకుతోందనీ అనిపించింది. ఇంకో ఐదు నిమిషాలకి, ఒట్టు, పిల్లల్లేని ఆవిడ కూడా గుర్తొచ్చింది. మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే వీధి మలుపులో ఇద్దరూ కనిపించారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తీరిగ్గా, మధ్యలో ఆగి ఆగి నడుస్తూ.

నా మొహం చూసి నానమ్మకి సంగతి అర్థమైంది. కానీ క్షమించమని ఏమీ అడగలేదు.

"వెనక వీధిలో రోడ్డు వేస్తున్నారు" అంది తాళం తీస్తూ. "ఇంత పెద్ద రోలరు. ఇది చూడకుండా కదలనంటుంది. నాకూ దగ్గర్నుంచి చూడటం ఇదే మొదటిసారి. డ్రైవరు ఒకసారి ఎక్కమన్నాడు గానీ, నేనే వద్దన్నాను, మోకాళ్ళు సహకరించవని."

మిరియం కాళ్ళకి తారు అంటింది. నానమ్మ దాన్ని స్నానాలగది గట్టు మీద కూర్చోబెట్టి, దూదికి నూనె ముంచి, ఒక్కో వేలూ తుడుస్తూ రోలరు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో నాకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. రేపు మళ్ళీ పొద్దున్నే పంపమంది, రేపు అవతలి సగం వేస్తారట.